డీఫార్మసీ పాసైనా కౌంటర్‌లో నిలబడలేరు.. ఎగ్జిట్ ఎగ్జామ్ అంటే ఏంటి? పాతబస్తీ విద్యార్థులు ఎలా ప్రిపేర్ అవ్వాలి?

హైదరాబాద్: రెండేళ్లు డీఫార్మసీ చదివారు. పరీక్షలన్నీ పాసయ్యారు. మెడికల్ షాపులో ట్రైనింగ్ కూడా పూర్తయింది. అయినా సరే.. ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరెక్కే దాకా ఆ కుర్రాడు చట్టం దృష్టిలో ఫార్మసిస్ట్ కాడు. సొంతంగా ప్రిస్క్రిప్షన్ చూసి మందులివ్వడానికి వీల్లేదు. ఆ రిజిస్టర్‌కీ, పట్టాకీ మధ్య ఇప్పుడు ఇంకో గడప వచ్చింది. అదే డిప్లొమా ఇన్ ఫార్మసీ ఎగ్జిట్ ఎగ్జామినేషన్, డీపీఈఈ.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఎదుట, షాలిబండలో, చాంద్రాయణగుట్టలో, సంతోష్‌నగర్‌లో మెడికల్ షాపులకు కొదవ లేదు. వాటిలో హెల్పర్లుగా పనిచేస్తూ డీఫార్మసీ చదివే యువతీ యువకులు పాతబస్తీలో చాలామందే ఉంటారు. మందుల పేర్లన్నీ నోటికొచ్చు. ఏ మందు ఏ ర్యాక్‌లో ఉందో కళ్లు మూసుకుని తీస్తారు. కానీ పరీక్ష అనేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కంగారు పడతారు. అసలు ఈ పరీక్ష ఎవరికి? ఏం అడుగుతారు? షాపులో నేర్చుకున్నది ఇందులో ఎంతవరకు పనికొస్తుంది? పూర్తి వివరాలు చూద్దాం.

పరీక్ష ఎందుకు వచ్చింది?

దేశంలో ఫార్మసిస్టుల చదువుకీ, రిజిస్ట్రేషన్‌కీ మూలం 1948 నాటి ఫార్మసీ చట్టం. దీని కింద ఢిల్లీలో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే పీసీఐ ఉంది. రాష్ట్రాల్లో స్టేట్ ఫార్మసీ కౌన్సిళ్లు ఉన్నాయి. మన దగ్గర తెలంగాణ స్టేట్ ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టర్ నిర్వహిస్తుంది.

ఇంతకుముందు గుర్తింపు ఉన్న కాలేజీలో డిప్లొమా పూర్తి చేసి, ట్రైనింగ్ సర్టిఫికెట్ పెడితే రిజిస్ట్రేషన్ అయిపోయేది. 2022 ఫిబ్రవరిలో పీసీఐ కొత్త నిబంధనలు తెచ్చింది. డిప్లొమా తర్వాత దేశమంతటికీ ఒకే పరీక్ష పాసైతేనే రిజిస్ట్రేషన్ అన్నది దాని సారాంశం. కాలేజీని బట్టి, రాష్ట్రాన్ని బట్టి చదువు నాణ్యత మారిపోతోందన్న విమర్శలకు ఇది జవాబు. నిర్వహణ బాధ్యత నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఇన్ మెడికల్ సైన్సెస్, అంటే ఎన్‌బీఈఎంఎస్‌కి అప్పగించారు. నీట్ పీజీ పెట్టేది కూడా ఈ బోర్డే. మొదటి డీపీఈఈ 2024 అక్టోబర్ 3, 4, 5 తేదీల్లో జరిగింది.

ఎవరికి అవసరం? ఎవరికి అక్కర్లేదు?

పేరులోనే ఉంది.. ఇది డిప్లొమా వాళ్ల పరీక్ష. నాలుగేళ్ల బీఫార్మసీ, ఆరేళ్ల ఫార్మ్ డీ చేసినవాళ్లకు ఇది వర్తించదు. వాళ్లు నేరుగా స్టేట్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కి వెళ్లొచ్చు. ఇప్పటికే రిజిస్టర్ అయి ఉన్న పాత డిప్లొమా ఫార్మసిస్టులు కూడా మళ్లీ రాయాల్సిన పని లేదు.

తమ బ్యాచ్‌కి వర్తిస్తుందా, తర్వాతి పరీక్ష ఎప్పుడు, ఫీజు ఎంత అన్నవి మాత్రం ఎన్‌బీఈఎంఎస్, పీసీఐ వెబ్‌సైట్లలో పెట్టే నోటీసులు చూసే నిర్ధారించుకోవాలి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు నమ్మి డబ్బులు కట్టొద్దు.

మూడు పేపర్లు.. మూడూ ఒకేసారి

పరీక్ష మొత్తం మల్టిపుల్ చాయిస్. పేపర్లు మూడు. మొదటి పేపర్‌లో ఫార్మాస్యూటిక్స్, ఫార్మకాలజీ, ఫార్మకాగ్నసీ. రెండో పేపర్‌లో ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, హాస్పిటల్ అండ్ క్లినికల్ ఫార్మసీ. మూడో పేపర్‌లో ఫార్మాస్యూటికల్ జూరిస్ప్రుడెన్స్, డ్రగ్ స్టోర్ మేనేజ్‌మెంట్.

ఒక్కో పేపర్‌లో కనీసం 50 శాతం మార్కులు రావాలి. అదీ ఒకే అటెంప్ట్‌లో మూడింట్లోనూ రావాలి. అంటే రెండు పేపర్లలో 80 వచ్చి, ఒకదాంట్లో 48 వస్తే ఫెయిలే. మళ్లీ మూడూ రాయాలి. ఎన్నిసార్లయినా రాసుకోవచ్చన్నది ఒక ఊరట. అందుకే ఇక్కడ లెక్క వేరు. బాగా వచ్చిన సబ్జెక్టులో ఇంకో పది మార్కులు పెంచుకోవడం కంటే, భయపడే సబ్జెక్టును 50 దాటించడమే ముఖ్యం.

సిలబస్ విషయంలో చాలామంది తికమక పడే పాయింట్ ఒకటుంది. పీసీఐ 2020లో డీఫార్మసీ సిలబస్ మార్చింది. కొత్త సిలబస్‌లో ఫార్మాస్యూటికల్ జూరిస్ప్రుడెన్స్ అన్న పేరే కనపడదు. దాని స్థానంలో ఫార్మసీ లా అండ్ ఎథిక్స్ ఉంటుంది. డ్రగ్ స్టోర్ మేనేజ్‌మెంట్ ఇప్పుడు కమ్యూనిటీ ఫార్మసీ అండ్ మేనేజ్‌మెంట్. పేరు మారిందే తప్ప చదివే విషయం చాలావరకు అదే. అలాగే ఫార్మకోథెరప్యూటిక్స్, అనాటమీ, సోషల్ ఫార్మసీ పేపర్ల పేర్లలో లేవు కదా అని పక్కన పడేయకూడదు. ఏ అవయవం ఎలా పనిచేస్తుందో తెలియకుండా ఫార్మకాలజీ బుర్రకెక్కదు.

500 గంటల ట్రైనింగ్.. సంతకంతో సరిపెట్టొద్దు

డిప్లొమాలో భాగంగా కనీసం 3 నెలలు, 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ తప్పనిసరి. తెలిసిన షాపు ఓనర్ చేత సంతకం పెట్టించుకుని, ఆ మూడు నెలలు ఇంకో పని చూసుకునేవాళ్లు ఉన్నారు. పరీక్షలో మొదట నష్టపోయేది వాళ్లే. ఎందుకంటే ఈ పరీక్షలో అడిగే చాలా విషయాలు కౌంటర్ దగ్గర రోజూ ఎదురయ్యేవే.

ఉదాహరణకు స్ట్రిప్ మీద ఉండే ఆర్‌ఎక్స్ గుర్తు. హెల్పర్ దాన్ని రోజుకు వందసార్లు చూస్తాడు. అది షెడ్యూల్ హెచ్ మందు అనీ, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదనీ చట్టం పుస్తకంలో చదివినప్పుడు రెండూ కలవాలి. ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఉంటే నార్కోటిక్ కోవలోకి వచ్చే మందు. ఎక్స్‌ఆర్‌ఎక్స్ అని ఉంటే షెడ్యూల్ ఎక్స్. రోజుకో అయిదు స్ట్రిప్పులు చేతిలోకి తీసుకుని.. కంపోజిషన్, షెడ్యూల్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, నిల్వ ఉష్ణోగ్రత చదివి నోట్‌బుక్‌లో రాసుకుంటే నెల రోజుల్లో 150 మందులు అవుతాయి. అంతకు మించిన గైడ్ ఉండదు.

మూడో పేపర్: చట్టాలంటే భయం వద్దు

చాలామందికి దడ పుట్టించేది లా పేపరే. సెక్షన్లు, రూళ్లు, ఫారాల నంబర్లు గుర్తుండవు. వీటిని షాపుతో ముడిపెట్టి చదివితే తేలిగ్గా ఎక్కుతాయి.

షాపు గోడకి ఫ్రేమ్ కట్టి వేలాడే లైసెన్స్ చూడండి. రిటైల్ షాపు అయితే ఫారం 20, 21 అని ఉంటుంది. హోల్‌సేల్ అయితే 20బీ, 21బీ. షెడ్యూల్ ఎక్స్ మందులు అమ్మే రిటైల్ షాపుకి 20ఎఫ్ కూడా కావాలి. షాపు వైశాల్యం రిటైల్‌కి కనీసం 10 చదరపు మీటర్లు, రిటైల్ హోల్‌సేల్ రెండూ ఒకే చోట అయితే 15 చదరపు మీటర్లు ఉండాలి. ఇవన్నీ 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోవి. వాటికి మూలం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం.

షెడ్యూళ్లలో ఎక్కువగా గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవీ..

షెడ్యూల్ జీ: డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాల్సిన మందులు.

షెడ్యూల్ హెచ్: ప్రిస్క్రిప్షన్ మీదే అమ్మాలి.

షెడ్యూల్ హెచ్1: 2014 నుంచి అమల్లోకి వచ్చింది. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్, రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ లాంటి టీబీ మందులు, ఆల్‌ప్రజోలామ్, ట్రమడాల్ లాంటివి ఇందులో ఉన్నాయి. వీటికి ప్రత్యేక రిజిస్టర్ పెట్టి డాక్టర్ పేరు, అడ్రస్, పేషెంట్ పేరు, మందు, ఎంత ఇచ్చారో రాయాలి. ఆ రిజిస్టర్ 3 ఏళ్లు దాచాలి.

షెడ్యూల్ ఎక్స్: కెటమిన్, మిథైల్‌ఫెనిడేట్ లాంటివి. ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపులో 2 ఏళ్లు ఉంచాలి. మందుని తాళం వేసి పెట్టాలి.

షెడ్యూల్ జే: నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడని జబ్బుల జాబితా.

వీటితో పాటు 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు, పీసీఐ తెచ్చిన 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ తప్పక చూసుకోవాలి.

పాత పుస్తకంతో జాగ్రత్త

కోఠిలో సగం ధరకే సెకండ్ హ్యాండ్ ఫార్మసీ పుస్తకాలు దొరుకుతాయి. కెమిస్ట్రీ, అనాటమీకి అవి బాగానే పనికొస్తాయి. లా సబ్జెక్టుకి మాత్రం పాత ఎడిషన్ కొంటే మార్కులు పోయినట్టే.

ఎందుకో మూడు ఉదాహరణలు చూస్తే చాలు. ఒకటి.. రిజిస్టర్ కానివాళ్లు మందులు డిస్పెన్స్ చేస్తే ఫార్మసీ చట్టం సెక్షన్ 42 కింద శిక్ష. పాత పుస్తకాల్లో 6 నెలల జైలు లేదా 1000 రూపాయల జరిమానా అని ఉంటుంది. 2023 జన్ విశ్వాస్ చట్టంతో అది 3 నెలల జైలు లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అయింది. రెండు.. మందుల షాపు లైసెన్స్‌ను అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలని పాత గైడ్లు చెబుతాయి. 2017 సవరణ తర్వాత లైసెన్స్ రద్దయ్యే దాకా చెల్లుతుంది, అయిదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కట్టాలి. మూడు.. క్లినికల్ ట్రయల్స్ అంటే షెడ్యూల్ వై అని పాత జవాబు. ఇప్పుడు 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ చదవాలి.

లెక్కల్లో మార్కులు వదలొద్దు

ఫార్మాస్యూటిక్స్‌లో వచ్చే లెక్కలు ఎనిమిదో తరగతి స్థాయివే. కానీ తొందరలో తప్పు పోతాయి. పిల్లల డోసు ఫార్ములాలు కచ్చితంగా రావాలి. యంగ్ ఫార్ములా ప్రకారం పిల్లవాడి వయసును వయసు ప్లస్ 12తో భాగించి, పెద్దల డోసుతో గుణించాలి. పెద్దల డోసు 400 మి.గ్రా. అనుకుంటే 4 ఏళ్ల పిల్లవాడికి 4ని 16తో భాగిస్తే పావు వంతు, అంటే 100 మి.గ్రా. అదే డిల్లింగ్ ఫార్ములాలో వయసును 20తో భాగిస్తారు. 80 మి.గ్రా. వస్తుంది. ప్రశ్నలో ఏ ఫార్ములా అడిగారో చూసుకోకపోతే రెండు జవాబులూ ఆప్షన్లలో కనిపించి మోసం చేస్తాయి.

ఆల్కహాల్ కలిపే లెక్కలకు ఆలిగేషన్ పద్ధతి నేర్చుకోవాలి. 95 శాతం, 45 శాతం ఆల్కహాల్ కలిపి 60 శాతం ద్రావణం 500 మి.లీ. చేయాలంటే.. 60లోంచి 45 తీసేస్తే 15 భాగాలు, 95లోంచి 60 తీసేస్తే 35 భాగాలు. అంటే 3:7 నిష్పత్తి. 95 శాతం ద్రావణం 150 మి.లీ., 45 శాతం ద్రావణం 350 మి.లీ. కలపాలి.

ఇక ఈ లెక్కలు కాగితం మీదే ఆగిపోవు. 12 కిలోల పాపకి డాక్టర్ కిలోకి 15 మి.గ్రా. చొప్పున పారాసెటమాల్ రాశారనుకుందాం. మొత్తం 180 మి.గ్రా. అయిదు మి.లీ.కి 125 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 7.2 మి.లీ. పోయాలి. అయిదు మి.లీ.కి 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 3.6 మి.లీ. చాలు. సీసాలు రెండూ ఒకేలా ఉంటాయి. కౌంటర్‌లో ఒకటి బదులు ఇంకోటి ఇచ్చి, పాత కొలతే చెప్పి పంపితే పాపకి పడేది డబుల్ డోసు. పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్న అనిపించేది షాపులో ఇంత పెద్ద విషయం.

ఫార్మకాలజీ: విరుగుళ్లు, తిండి, ఉపవాసం

ఫార్మకాలజీ సముద్రం లాంటిది. మొత్తం ఈదాలనుకుంటే మునిగిపోతారు. గ్రూపులుగా విడగొట్టుకోవాలి. బీపీ, షుగర్, ఆస్తమా, టీబీ, నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్, మానసిక వైద్యం మందులు.. ఒక్కో గ్రూపులో మందు పేరు, పనిచేసే తీరు, ముఖ్యమైన సైడ్ ఎఫెక్ట్, ఎవరికి ఇవ్వకూడదు అన్న నాలుగు గడుల పట్టిక వేసుకుంటే చాలు.

విరుగుళ్ల మీద ప్రశ్నలు ఎప్పుడూ ఉంటాయి. పారాసెటమాల్ ఎక్కువైతే ఎన్ అసిటైల్ సిస్టీన్. ఓపియాయిడ్లకి నాలోక్సోన్. బెంజోడయజిపైన్లకి ఫ్లూమజెనిల్. హెపారిన్‌కి ప్రోటమైన్ సల్ఫేట్. వార్ఫరిన్‌కి విటమిన్ కె. పురుగుల మందు తాగిన కేసులో ఆర్గనోఫాస్ఫరస్ విషానికి అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్.

తిండితో సంబంధం ఉన్న ప్రశ్నలూ వస్తాయి. టెట్రాసైక్లిన్ పాలతో వేసుకోకూడదు. ఐరన్ మాత్ర ఛాయ్‌తో వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. మెట్‌ఫార్మిన్ భోజనంతో పాటు వేసుకోవాలి. రిఫాంపిసిన్ వాడితే మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడక్కర్లేదని ముందే చెప్పాలి.

పాతబస్తీలో షాపు నడిపేవాళ్లకి రంజాన్ నెల అసలైన ప్రాక్టికల్ పరీక్ష. రోజాలో ఉండే షుగర్ పేషెంట్ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర పాత టైముకే వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇఫ్తార్, సహరీ వేళలకు డోసు ఎలా మార్చాలో డాక్టరే చెప్పాలి. ఫార్మసిస్ట్ సొంతంగా మార్చకూడదు. కానీ రంజాన్‌కి ముందే డాక్టర్‌ని కలవమని చెప్పడం, చక్కెర పడిపోతే ఒంట్లో ఎలా ఉంటుందో వివరించడం ఫార్మసిస్ట్ పనే. పేషెంట్ కౌన్సెలింగ్ అని పుస్తకంలో ఉన్న పాఠం ఇదే.

ఫార్మకాగ్నసీ.. జడీబూటీ దుకాణమే ల్యాబ్

మొక్కల పేర్లు, కుటుంబాలు, రసాయనాలు బట్టీ కొట్టడం చాలామందికి విసుగు. చార్మినార్ చుట్టుపక్కల జడీబూటీ దుకాణాలు ఉన్నవాళ్లకు ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది. పుస్తకంలో సెన్నా అన్నది అక్కడ సనాయ్, తెలుగులో సునాముఖి. ఆకుల్లోని సెన్నోసైడ్ల వల్ల విరేచనం అవుతుంది. లికొరైస్ అంటే ములేఠీ, మన అతిమధురం. అందులో ఉండేది గ్లిసిరైజిన్. ఇసబ్‌గోల్ గింజ పొట్టులో ఉండేది జిగురు, అందుకే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. లవంగ నూనెలో యూజినాల్. అడ్డసరం ఆకులో వాసిసిన్, దగ్గు మందుల్లో వాడతారు. ఒక్కసారి చేత్తో పట్టుకుని వాసన చూసిన సరుకు పరీక్ష హాల్లో మర్చిపోరు.

అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. యునానీ వైద్యం చదువు వేరు, ఫార్మసీ రిజిస్ట్రేషన్ వేరు. చార్మినార్ దగ్గరి నిజామియా టిబ్బీ కాలేజీలో నేర్పేది యునానీ. అది చదివితే అల్లోపతి మందుల షాపులో ఫార్మసిస్ట్‌గా రిజిస్టర్ అవ్వడం కుదరదు.

ఇంగ్లిష్ భయం ఎలా పోవాలి?

పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఉర్దూ మీడియం, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఇది పెద్ద గుదిబండ. విషయం తెలిసినా ప్రశ్న అర్థం కాక తప్పు పెడతారు.

దీనికి వ్యాకరణం నేర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. ప్రశ్నల్లో తిరిగి తిరిగి వచ్చే మాటలు కొన్ని ఉంటాయి. ఎక్సెప్ట్, నాట్ ట్రూ, కాంట్రా ఇండికేటెడ్, డ్రగ్ ఆఫ్ చాయిస్, మోస్ట్ కామన్, మెకానిజం లాంటివి. వీటికి అర్థం ఉర్దూలోనో, తెలుగులోనో పక్కన రాసుకుని పెట్టుకోవాలి. ప్రశ్నలో ఎక్సెప్ట్, నాట్ అన్న మాటలు కనిపిస్తే ఆగి రెండోసారి చదవాలి. విషయాన్ని స్నేహితుడితో సొంత భాషలో చర్చించుకుని, ప్రశ్నలు మాత్రం ఇంగ్లిష్‌లోనే ప్రాక్టీస్ చేస్తే సరిపోతుంది.

పని చేసుకుంటూ చదివేవాళ్లకు 90 రోజుల ప్లాన్

పాతబస్తీలో మెడికల్ షాపులు రాత్రి పొద్దుపోయే దాకా తెరిచే ఉంటాయి. ఇంటికొచ్చాక చదవడం అయ్యే పని కాదు. షాపుకెళ్లే ముందు పొద్దున రెండు గంటలు పక్కన పెట్టుకోవడమే మేలు.

మొదటి 30 రోజులు: లా, డ్రగ్ స్టోర్ మేనేజ్‌మెంట్, ఫార్మాస్యూటిక్స్. మూడో పేపర్‌లో సబ్జెక్టులు రెండే కాబట్టి తొందరగా పట్టు దొరుకుతుంది, ధైర్యం వస్తుంది.

31 నుంచి 60 రోజులు: ఫార్మకాలజీ, దాంతో పాటే హాస్పిటల్ అండ్ క్లినికల్ ఫార్మసీ. రోజుకో మందుల గ్రూపు.

61 నుంచి 75 రోజులు: కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫార్మకాగ్నసీ. ఎంజైములు, విటమిన్ లోపాలు, రక్త పరీక్షల నార్మల్ విలువలు పట్టికలుగా.

చివరి 15 రోజులు: కొత్తది ముట్టుకోవద్దు. రోజుకో పేపర్ చొప్పున టైం పెట్టుకుని మాక్ టెస్ట్ రాయాలి. 50 దాటని సబ్జెక్టునే మళ్లీ తిరగేయాలి.

ఇల్లు ఇరుకు, చదువుకునే చోటు లేదు అనుకునేవాళ్లకి అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన ఈ గ్రంథాలయం పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఎప్పటినుంచో అడ్డా. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఒకరికొకరు ప్రశ్నలు అడుక్కోవచ్చు. ఆడపిల్లల విషయంలోనూ ఇంట్లో వాళ్లకి నమ్మకం ఉంటుంది.

పేరు స్పెల్లింగ్ దగ్గరే ఆగిపోతున్నారు

చదువంతా అయ్యాక కాగితాల దగ్గర చిక్కు పడితే ఆ బాధే వేరు. పాతబస్తీలో ఇది మామూలే. టెన్త్ మెమోలో ఎండీ అని, ఇంటర్‌లో మొహమ్మద్ అని, ఆధార్‌లో మహ్మద్ అని ఉంటుంది. అమ్మాయిలకు ఒక చోట బేగం, ఇంకో చోట ఫాతిమా. ఇంటిపేరు ఒక దాంట్లో ముందు, ఇంకో దాంట్లో వెనక. దరఖాస్తులో పేరు గుర్తింపు కార్డుతో కలవకపోతే ఇబ్బంది తప్పదు. రిజిస్ట్రేషన్ దగ్గరా అదే సమస్య.

అందుకే డిప్లొమా రెండో ఏడాదిలోనే అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి చూసుకోవాలి. టెన్త్ మెమోలో ఉన్న స్పెల్లింగే ప్రామాణికం అనుకుని, ఆధార్, మిగతావి దానికి తగ్గట్టు సరిచేయించుకుంటే మంచిది. టెన్త్, ఇంటర్ మెమోలు, డిప్లొమా మార్కుల మెమోలు, సర్టిఫికెట్, 500 గంటల ట్రైనింగ్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్ ఒక ఫైల్‌లో పెట్టుకోవాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. కాలేజీకి పీసీఐ గుర్తింపు ఉందా లేదా అన్నది చేరే ముందే పీసీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. తెలంగాణలో డీఫార్మసీ పరీక్షలు పెట్టేది సాంకేతిక విద్యా శిక్షణ మండలి, ఎస్‌బీటీఈటీ. క్లాసులకు రానక్కర్లేదు, వేరే రాష్ట్రం నుంచి సర్టిఫికెట్ తెప్పిస్తాం అని ఎవరైనా అంటే అక్కడికక్కడే దండం పెట్టి వచ్చేయాలి. డీఫార్మసీ రెగ్యులర్ కోర్సు. ఇంట్లో కూర్చుని చేసే డీఫార్మసీ ఉండదు. డబ్బుతో పాటు రెండేళ్ల కాలం, పేరు అన్నీ పోతాయి.

సర్టిఫికెట్ అద్దెకిస్తే?

రిజిస్ట్రేషన్ వచ్చిన మర్నాడే ఫోన్లు మొదలవుతాయి. నెలకింత ఇస్తాం, సర్టిఫికెట్ మా షాపులో పెట్టు, నువ్వు రానక్కర్లేదు అని. ఇంట్లో అవసరాలు ఉన్న కుర్రాళ్లకు ఇది తేలిక డబ్బులా కనిపిస్తుంది. కానీ ఆ షాపులో జరిగే ప్రతి తప్పుకీ కాగితం మీద బాధ్యుడు ఆ ఫార్మసిస్టే. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చినప్పుడు ఫార్మసిస్ట్ లేకుండా ప్రిస్క్రిప్షన్ మందులు అమ్ముతుంటే కేసు అవుతుంది. ఫార్మసీ చట్టం సెక్షన్ 36 కింద రిజిస్టర్ నుంచి పేరు కొట్టేసే అధికారం కూడా కౌన్సిల్‌కి ఉంది. రెండేళ్ల చదువు, మూడు పేపర్ల కష్టం నెల అద్దెకి పోగొట్టుకున్నట్టే.

ఫార్మసిస్ట్ కౌంటర్‌లో ఉండటం ఎందుకంత ముఖ్యమో 2025 అక్టోబర్‌లో దేశమంతా చూసింది. మధ్యప్రదేశ్‌లో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయారు. ఎస్ఆర్-13 బ్యాచ్‌లో విషపూరితమైన డైఇథిలీన్ గ్లైకాల్ ఉందని తేలింది. ఆ బ్యాచ్ వాడొద్దని తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ కూడా హెచ్చరిక ఇచ్చింది. అలాంటి అలర్ట్ వచ్చిన రోజున ర్యాక్‌లో బ్యాచ్ నంబర్లు చూసి, సరుకు పక్కకు తీసి, ఇప్పటికే కొన్నవాళ్లకి ఫోన్ చేయాల్సింది ఎవరు? షాపులో ఉన్న ఫార్మసిస్టే. గోడ మీద సర్టిఫికెట్ ఆ పని చేయదు.

పాసయ్యాక దారులు ఏంటి?

రిజిస్ట్రేషన్ వస్తే సొంత షాపు పెట్టుకోవచ్చు, ఆసుపత్రి ఫార్మసీలో చేరొచ్చు. ప్రభుత్వ ఉద్యోగాలకూ ఇదే మొదటి మెట్టు. తెలంగాణ మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2024లో 732 ఫార్మసిస్ట్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. నవంబర్ 30న రాత పరీక్ష పెట్టింది. అలాంటి పోస్టులకు స్టేట్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. డీపీఈఈకి చదివిన సబ్జెక్టులే అక్కడా పనికొస్తాయి.

పాతబస్తీలో చాలా ఇళ్లలో చూపు గల్ఫ్ వైపు ఉంటుంది. అక్కడి లెక్క వేరు. సౌదీలో సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్, దుబాయ్‌లో దుబాయ్ హెల్త్ అథారిటీ లైసెన్స్ ఇస్తాయి. సర్టిఫికెట్లను డేటాఫ్లో అనే సంస్థ ద్వారా వెరిఫై చేయించుకోవాలి, ఆ దేశపు లైసెన్స్ పరీక్ష రాయాలి. ఫార్మసిస్ట్ హోదాకి మామూలుగా బీఫార్మసీ అడుగుతారు. డిప్లొమాతో టెక్నీషియన్ స్థాయి దాకే అవకాశం. పైగా సౌదీ 2025 జూలై 27 నుంచి స్థానికుల కోటా పెంచింది. అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది ఫార్మసీ సిబ్బంది ఉన్న చోట కమ్యూనిటీ ఫార్మసీల్లో 35 శాతం, ఆసుపత్రి ఫార్మసీల్లో 65 శాతం సౌదీ పౌరులే ఉండాలి. ఏజెంట్‌కి డబ్బు కట్టే ముందు ఈ లెక్క తెలుసుకోవాలి. డిప్లొమా తర్వాత లేటరల్ ఎంట్రీలో నేరుగా బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరే వీలుంది. గల్ఫ్ ఆశ ఉన్నవాళ్లకు అదే సరైన దారి.

పరీక్షకు ముందు ఒకసారి చూసుకోండి

కాలేజీకి పీసీఐ గుర్తింపు ఉందా? అన్ని కాగితాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా? 500 గంటల ట్రైనింగ్ నిజంగా చేశారా, సర్టిఫికెట్ చేతికొచ్చిందా? లా పుస్తకం కొత్త ఎడిషనేనా? మూడు పేపర్లలో ఏది 50 దాటడం లేదో తెలుసా? ఎన్‌బీఈఎంఎస్ సైట్‌లో తాజా నోటీసు చూశారా?

ఈ ఆరింటికీ అవును అన్న జవాబు వస్తే మిగిలింది పొద్దున రెండు గంటల చదువే. మిగతా ప్రాక్టీస్ అంతా షాపు కౌంటర్ దగ్గర, స్ట్రిప్పు మీది అక్షరాల్లో, సీసా మీది మి.గ్రా. లెక్కల్లో రోజూ జరుగుతూనే ఉంటుంది.